కొత్త పికప్‌కి ఏమేం బిగించాలి? లిస్టు ఇదిగో, కొట్టివేతలు మీ ఇష్టం

కొత్తబండి
డబుల్ క్యాబ్ (రెండు వరసల సీట్లది) పికప్ చేతికొచ్చి పది రోజులైంది. ఆగలేకపోతున్నాను. రాత్రిళ్లు వీడియోలు చూసి రాసుకున్న లిస్టు ఇది: ముందు స్టీల్ బుల్ బార్ (బంపర్ దగ్గర బిగించే ఇనుప కమ్మీ), అందులో వించ్ (దిగబడ్డ బండిని తాడుతో లాగే మోటారు). పైన రూఫ్ ర్యాక్, దాని మీద మడత టెంట్. వెనక బెడ్ (సామాను తొట్టి) మీద క్యానపీ అనే గట్టి కప్పు, లోపల డ్రాయర్లు. సైడ్ స్టెప్పులు, బెడ్ లైనర్ (తొట్టి లోపలి పొర), లైట్ బార్, రెండో బ్యాటరీ. ఆ తర్వాత బండిని ఎత్తు చేసే రెండంగుళాల లిఫ్టు, పెద్ద టైర్లు, స్నోర్కెల్ (నీళ్లలో దిగినా ఇంజిన్‌కి పైనుంచి గాలి తెచ్చే గొట్టం).

వాడకం ఏంటంటే, వారమంతా పనిముట్లు మోస్తుంది. నెలకోసారి ఇంటిల్లిపాదీ ఐదుగురం మట్టిదారుల్లో క్యాంపింగ్‌కి వెళ్తాం. మాన్యువల్లో మొత్తం అనుమతి బరువు 3,000 కిలోలు, ఖాళీ బరువు 2,050 అని ఉంది. అంటే ఇంకా 950 కిలోలు మొయ్యగలదు కాబట్టి బరువు గురించి టెన్షన్ లేదనుకుంటున్నా. ఏది ముందు, ఏది తర్వాత?

కాటాచూసుకో
తమ్ముడూ, టెన్షన్ అక్కడే మొదలవ్వాలి. ఆ 950 అంతా సామానుకి కాదు. మనుషులు, నువ్వు బిగించే ప్రతి బోల్టూ అందులోంచే పోవాలి.

ఒకసారి కూడదాం. క్యానపీ 80, బుల్ బార్ 60, వించ్ 35, ర్యాక్ 25, టెంట్ 65, స్టెప్పులు 25, లైనర్ 25, డ్రాయర్లు 70, రెండో బ్యాటరీ 25. మొత్తం 410 కిలోలు. ఇవన్నీ మామూలుగా ఉండే బరువులే, ఎక్కువ చేసి చెప్పడం లేదు. ఐదుగురికి మనిషికి 75 చొప్పున 375. ఇక మిగిలింది 165. నీళ్లు, గ్యాస్, పరుపులు, వంట సామాను అందులో పట్టాలి. అప్పటికి నీ పనిముట్లు దించేశావనే అనుకుందాం.

ఖాళీ బరువులో డీజిల్ కలిపారో లేదో కూడా చూడు, ఒక్కో కంపెనీ ఒక్కోలా లెక్కేస్తుంది. 80 లీటర్ల ట్యాంకు నిండితే దాదాపు 67 కిలోలు.

ఇంకో సంగతి. మొత్తం బరువు సరిపోయినా ఒక ఇరుసు మీద ఎక్కువ పడొచ్చు. బుల్ బార్, వించ్ కలిపి 95 కిలోలు. అవి ముందు చక్రాలకి కూడా ముందు వేలాడతాయి. చక్రాల మధ్య దూరం 3.1 మీటర్లు, బార్ ముందు ఇరుసుకి 0.9 మీటరు అవతల ఉందనుకుంటే ముందు ఇరుసు మీద పడేది 95 కాదు, దాదాపు 123. వెనక ఇరుసు మీంచి 28 లేస్తుంది. పిల్లలు ఆడే తూగుడుబల్ల లెక్కే ఇది.

కొత్తబండి
అన్నా, నిద్ర చెడగొట్టారు. మరి పైన టెంట్? అది కప్పు మీద కదా, బెడ్‌కి సంబంధం లేదనుకున్నా.

కాటాచూసుకో
కప్పుకి విడిగా పరిమితి ఉంటుంది, మాన్యువల్లో చూసి చెప్పు. నడిచే బండికి ఒక లెక్క, ఆగిన బండికి ఒక లెక్క. ఆగి ఉన్నప్పుడు టెంట్లో ఇద్దరు పడుకున్నా కప్పు తట్టుకుంటుంది. నడుస్తున్నప్పుడు గుంతలో పడితే అదే బరువు సుత్తి దెబ్బలా పనిచేస్తుంది, అందుకే నడిచేటప్పటి పరిమితి చాలా తక్కువ. మట్టిదారిలో ఇంకా తగ్గించుకోమని ర్యాకులు చేసేవాళ్లే రాస్తారు. పైగా ర్యాక్ బరువు కూడా అందులోకే వస్తుంది.

కొత్తబండి
చూశా. 80 కిలోలు అని ఉంది. ర్యాక్ 25, టెంట్ 65, మొత్తం 90. టెంట్ కొట్టేశా. నేల మీద వేసేదే కొంటాను.

నిశ్శబ్దడీజిల్
నా మాట: ఆరు నెలలు ఏమీ బిగించకు. రబ్బరు మ్యాట్లు వేసుకుని తిరుగు, అంతే. ఏది లేక ఇబ్బంది పడ్డావో అది అప్పుడు కొను. నా మొదటి బండికి సైడ్ స్టెప్పులు పెట్టించి ఏడాదిలో రెండుసార్లు రాళ్లకి తగిలించి వంచేశాను. కింద ఖాళీ తక్కువైపోయింది, ఎక్కేటప్పుడు ప్యాంటుకి బురద అంటడం మాత్రం ఆగలేదు.

మ్యాట్లంటే గుర్తొచ్చింది. పాత మ్యాట్ తీయకుండా దాని మీద కొత్తది పరచొద్దు. జారి పెడల్ కిందికి పోతుంది.

పదమూడో పానా
ఆరు నెలలు ఆగమంటే ఈ వయసులో ఎవరు ఆగుతారు సార్? కానీ బెడ్ లైనర్ మాత్రం మొదటి బరువు వేయకముందే అయిపోవాలి. గీతలు పడ్డాక, తుప్పు మొదలయ్యాక వేస్తే తుప్పుని లోపల పెట్టి మూత వేసినట్టే.

అందులో రెండు రకాలు. ప్లాస్టిక్ తొట్టిలా లోపల కూర్చోబెట్టేది ఒకటి. చవక, పావుగంట పని. కానీ దానికీ బెడ్ రేకుకీ మధ్య ఇసుక చేరుతుంది, నీళ్లు చేరతాయి. బండి అదిరినప్పుడల్లా ఆ ఇసుక ఉప్పు కాగితంలా రంగుని గీకుతూనే ఉంటుంది. నేను ఒకటి నాలుగేళ్ల తర్వాత తీసి చూస్తే కింద బెడ్ రంగు బెడ్ రంగులా లేదు. నున్నగా ఉంటుంది కాబట్టి పెట్టెలు జారుతాయి కూడా.

రెండోది స్ప్రే. పాలీయూరియా గానీ పాలీయూరితేన్ గానీ గరుకు పొరగా కొడతారు, రేకుకే అంటుకుపోతుంది. ఇందులో గొప్పతనం స్ప్రేలో లేదు, ముందు చేసే రుద్దుడులో ఉంది. రంగు మెరుపు పోయేదాకా గీకి, జిడ్డు తుడిచి, ఆరాక కొట్టాలి. గంటలో బండి ఇచ్చేస్తామన్న చోట బండి వదలకు. కొక్కేలు, టెయిల్‌గేట్ (బెడ్ వెనక తలుపు) బోల్టులు ముందే విప్పించు, లేకపోతే వాటి మీద కూడా కొట్టేస్తారు, తర్వాత పానా పట్టదు.

తొట్టిమూత
బెడ్‌ని మా ఇంట్లో తొట్టి అనే అంటాం, అందుకే ఈ పేరు. క్యానపీ నిజంగా కావాలా? ఎత్తయిన సామాను మోస్తావా? మోసేవాడివైతే క్యానపీ పెట్టాక బెడ్ నీది కాదు. బీరువా గానీ ఫ్రిజ్ గానీ నిలబెట్టి తేవాలంటే ఇద్దరు మనుషులతో క్యానపీ దించుకోవాలి, మళ్లీ ఎక్కించుకోవాలి. నేను మడత మూత వాడుతున్నా. మూడు మడతలు పెట్టి క్యాబిన్ వైపు కట్టేస్తే బెడ్‌లో చాలా భాగం తెరుచుకుంటుంది. క్లాంపులే, ఒక్క రంధ్రం కూడా వేయలేదు. చుట్టుకుపోయే షట్టర్ రకం చూడ్డానికి బాగుంటుంది గానీ దాని డబ్బా ముందు వైపు చోటు తినేస్తుంది, నీళ్లు పోయే గొట్టాల్లో ఆకులు అడ్డుపడితే డబ్బా నిండి లోపలికి కారుతుంది.

మెత్తని గుడ్డ మూతలు తేలిక, చవక. కానీ కత్తి ఉన్న దొంగకి తాళం ఎందుకు?

మట్టిదారి
ఐదుగురి సామాను మడత మూత కింద పట్టదు. పిల్లలున్న ఇంట్లో క్యానపీయే దారి. అల్యూమినియంది చూడు, బరువు తగ్గుతుంది. పక్క తలుపులు పైకి తెరుచుకునేవి తీసుకో, వానలో అవే పందిరి.

మూత వేస్తే మైలేజీ పెరుగుతుందని ఎవరైనా చెప్తే నవ్వి ఊరుకో. తేడా ఉంటే ఉంటుంది, దానికోసం కొనేంత కాదు. టెయిల్‌గేట్ దించి నడిపితే గాలి తేలిగ్గా పోతుందన్నదీ ఉత్తదే. అది మూసి ఉంటే బెడ్‌లో గాలి సుడి తిరుగుతూ నిలబడుతుంది, పైన వచ్చే గాలి దాని మీంచి జారిపోతుంది. దించితే ఆ సుడి చెదిరిపోతుంది.

కొత్తబండి
క్యానపీ ఖాయం. బుల్ బార్ సంగతి ఇంకా ఎవరూ గట్టిగా చెప్పలేదు.

మట్టిదారి
పెట్టించుకో. రాత్రి అడవిపంది అడ్డొచ్చింది నాకు. బార్ వంగింది, రేడియేటర్ దక్కింది. లేకపోతే సిగ్నల్ లేని చోట తెల్లారేదాకా కూర్చోవాల్సి వచ్చేది.

కాటాచూసుకో
నేను వద్దంటాను. బండి ముందు భాగం నలగడానికే తయారుచేశారు. ఆ నలుగుడు దెబ్బని తింటుంది, ఎయిర్‌బ్యాగ్ ఎప్పుడు తెరుచుకోవాలో సెన్సర్లు బండి ఎంత హఠాత్తుగా ఆగుతోందో చూసి తేలుస్తాయి, అది ఆ నలుగుడుని బట్టే ఉంటుంది. మధ్యలో ఇనుప దూలం బిగిస్తే ఆ లెక్క మారుతుంది. పైగా ఇప్పటి బళ్లలో ముందు రాడార్, పార్కింగ్ సెన్సర్లు ఉన్నాయి, వాటికి బార్ అడ్డం. నడిచిపోయే మనిషికి తగిలితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. చాలా చోట్ల చట్టమే ఒప్పుకోదు, ముందు అది కనుక్కో.

మట్టిదారి
ఎయిర్‌బ్యాగ్‌తో కలిపి పరీక్షించిన బార్లు ఉన్నాయి గురువుగారూ. ఆ మోడల్‌కే చేసినవి, నలిగే బ్రాకెట్లతో వస్తాయి. సంతలో వెల్డింగ్ చేసిన పైపునీ దాన్నీ ఒక గాటన కట్టకండి.

కాటాచూసుకో
కట్టను. ఆ పరీక్ష కాగితం చూపించే వాళ్లు ఎంతమంది? అదే నా ప్రశ్న.

మట్టిదారి
అడగాలి. అడగని వాడిది తప్పు.

పదమూడో పానా
మీ ఇద్దరికీ ఇది ఎన్నోసారి? తమ్ముడు వించ్ కూడా రాశాడు, దాని సంగతి చూద్దాం. వించ్ ఎంత కావాలంటే, నిండు బరువుకి ఒకటిన్నర రెట్లు. నీ 3,000కి 4,500 కిలోలు. 9,500 పౌండ్లది అంటే 4,309 కిలోలు, కొంచెం తక్కువ. 12,000 పౌండ్లదైతే 5,443. డబ్బా మీద రాసిన ఆ అంకె డ్రమ్ము మీద తాడు మొదటి వరస దగ్గరే నిజం. తాడు ఎక్కువ వరసలు చుట్టుకుని ఉంటే లాగే బలం తగ్గిపోతుంది. స్నాచ్ బ్లాక్ (తాడు మళ్లించే కప్పీ) ఒకటి ఉంటే వేగం సగమవుతుంది గానీ బలం దాదాపు రెట్టింపు అవుతుంది. నిండు బరువు మీద లాగేటప్పుడు 400 ఆంపియర్ల దాకా తాగుతుంది, ఆల్టర్నేటర్ అంత ఇవ్వలేదు, బ్యాటరీయే మొయ్యాలి. ఇంజిన్ ఆపి లాగొద్దు.

కానీ ఇంటిల్లిపాదితో వెళ్లేవాడికి వించ్ ఎందుకు? పార, రెండు ట్రాక్షన్ బోర్డులు (దిగబడ్డ చక్రం కింద పెట్టే పలకలు), టైర్లలో గాలి దించడానికి మీటరు, తిరిగి నింపడానికి చిన్న కంప్రెసర్ చాలు. ఇసుకలో దిగబడితే ముందు గాలి తగ్గించి చూడు, సగం సార్లు బండి దానంతటదే బయటికొస్తుంది. లాగాల్సి వస్తే ఛాసిస్‌కి ఉన్న రేటింగ్ కొక్కేనికే కట్టు. ట్రైలర్ తగిలించే గుండుకి మాత్రం ఎప్పుడూ కట్టొద్దు. అది విరిగితే ఫిరంగి గుండే.

కొత్తబండి
బుల్ బార్, వించ్ కొట్టేశా. స్నోర్కెల్ కూడా. ముందు బండి బెడ్‌లోకే నీళ్లు రాకుండా చూసుకుంటాను. లైట్ బార్ మాత్రం కావాలి. పక్క వీధిలో ఒకతను అరగంటలో హెడ్‌లైట్ వైరుకి కలిపేస్తానన్నాడు.

ఫ్యూజ్‌బాక్స్
ఆగు ఆగు ఆగు. హెడ్‌లైట్ వైరుకి కాదు.

నాకు అలాగే కలిపారు. దుకాణం పేరు ఎందుకులే. మూడు నెలలు బాగానే వెలిగింది. ఓ రాత్రి డ్యాష్ కింద కమురు వాసన. ఆపి బోనెట్ ఎత్తితే హెడ్‌లైట్ వైరు పై తొడుగు కరిగి పక్క వైరుకి అంటుకుపోయింది. రెండు హెడ్‌లైట్లూ పోయి హజార్డ్ లైట్లతో ఇల్లు చేరాం. ఆ వైరు హెడ్‌లైట్‌కి సరిపడేంత లావే ఉంటుంది, దాని మీద ఇంకో 10 ఆంపియర్లు వేస్తే ఏమవుతుంది?

లెక్క సులువు. వాట్లని వోల్టులతో భాగించు. 120 వాట్ల బార్, 12 వోల్టులు, 10 ఆంపియర్లు. దానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 15 ఆంపియర్ల ఫ్యూజ్. ఫ్యూజ్ బ్యాటరీ పాజిటివ్‌కి ఆనుకుని ఉండాలి, జానెడు లోపలే. చాలామంది దాన్ని లైట్ దగ్గర పెడతారు. ఫ్యూజ్ కాపాడేది లైట్‌ని కాదు, వైరుని. బ్యాటరీకీ ఫ్యూజ్‌కీ మధ్య వైరు ఎక్కడ తెగి రేకుకి తగిలినా ఆపేవాళ్లు లేరు.

మధ్యలో రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్. నాలుగు కాళ్లుంటాయి: 30కి ఫ్యూజ్ నుంచి వచ్చే వైరు, 87 నుంచి లైట్‌కి, 86కి స్విచ్, 85 ఎర్త్. స్విచ్ గుండా పోయేది రిలేని లేపేంత చిన్న కరెంటే, కాబట్టి లోపలి స్విచ్ వేడెక్కదు. స్విచ్‌కి కరెంటు క్యాబిన్ ఫ్యూజ్ పెట్టెలో ఇగ్నిషన్ ఆపితే ఆగిపోయే ఫ్యూజ్ నుంచి తీసుకో, దానికి ఫ్యూజ్ ట్యాప్ అని చిన్న ముక్క దొరుకుతుంది. ఫ్యాక్టరీ వైరు కోయక్కర్లేదు.

బ్యాటరీ నెగటివ్ మీద చిన్న సెన్సర్ ఉన్న బళ్లున్నాయి. నీదీ అలాంటిదైతే ఎర్త్ వైరు నేరుగా ఆ టెర్మినల్‌కి కాకుండా ఛాసిస్‌కి ఇవ్వు. లేకపోతే నువ్వు వాడిన కరెంటు సెన్సర్‌కి తెలియదు, ఛార్జింగ్ లెక్క తప్పుతుంది. ఎర్త్ బిగించే చోట రంగు గీకాలి, బిగించాక పైన గ్రీజు గానీ రంగు గానీ పూయాలి.

రెండో బ్యాటరీ కూడా అంతే. కొత్త బళ్లలో ఆల్టర్నేటర్ తనకి తోచినప్పుడు వోల్టేజీ తగ్గించేస్తుంది. పాతకాలం రిలేతో రెండు బ్యాటరీలు కలిపితే రెండోది ఎప్పటికీ నిండదు. వోల్టేజీ తగ్గినా పెంచి నింపే డీసీ-డీసీ ఛార్జర్ పెట్టాలి.

వైర్లు ఇంజిన్ వైపు నుంచి లోపలికి తెచ్చే చోట రబ్బరు గ్రోమెట్ లేకుండా రంధ్రంలోంచి లాగొద్దు. రేకు అంచు కత్తే. డ్యాష్ కెమెరా వైరు ముందు అద్దం పక్క స్తంభం మీదుగా తెస్తే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ (కిటికీల మీద తెరలా దిగేది) వెనక నుంచి తేవాలి, ముందు నుంచి తెస్తే అది తెరుచుకునేటప్పుడు వైరుని లాక్కుపోతుంది. సీటు కవర్లూ అంతే, పక్కన ఎయిర్‌బ్యాగ్ కుట్టు విడేలా చేసినవే కొను.

పని మొదలుపెట్టే ముందు నెగటివ్ విప్పు. బిగించేటప్పుడు అది ఆఖరున.

కొత్తబండి
ఇది ప్రింట్ తీసి గ్యారేజీలో అంటించుకున్నా సార్. నేనే బిగిస్తా. ఇక లిఫ్టు, టైర్లు? 265/65 ఆర్17 ఉన్నాయి, 265/70 వేద్దామని.

కమాన్‌కట్ట
ఉన్న టైరు ఎత్తు 776 మి.మీ, నువ్వు వేసేది 803. తేడా 27, అందులో బండి లేచేది సగమే, 13 మి.మీ. చిటికెన వేలి మందం కోసం టైర్లు మారుస్తావా? స్పీడోమీటర్ 100 చూపిస్తే నిజంగా 103 దాటి పోతుంటావు. టైరు ఎంత మోస్తుందో చెప్పే అంకె, లోడ్ ఇండెక్స్, మాత్రం చూడు. 112 అంటే టైరుకి 1,120 కిలోలు, 115 అంటే 1,215. పాతదానికంటే తగ్గకూడదు.

లిఫ్టు పెడితే ముందు డ్రైవ్ షాఫ్ట్ కోణాలు పెరుగుతాయి, వాటి రబ్బరు తొడుగులు (బూట్లు) తొందరగా చిరుగుతాయి. అలైన్‌మెంట్ మళ్లీ చేయించాలి, హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్లలో కొట్టకుండా దించాలి. నీకు కావాల్సింది ఎత్తు కాదు, బరువేసినా వెనక కుంగకుండా ఉండడం. దానికి కమాన్ కట్టలో (వెనక ఇరుసు మీది స్ప్రింగు పట్టీల కట్ట) ఒక ఆకు కలుపు.

తొట్టిమూత
ఆకు కలిపితే ఖాళీ బండి ఎగిరి కొడుతుంది కదండీ. స్ప్రింగుకి సాయంగా ఇరుసుకీ ఛాసిస్‌కీ మధ్య పెట్టే గాలి బ్యాగులు నయం, బరువుంటే నింపుకో, లేకపోతే దించుకో.

కమాన్‌కట్ట
గాలి బ్యాగు ఛాసిస్‌ని ఒకే చోట నెడుతుంది. కమాన్ కట్ట రెండు కొసల్లో మోస్తుంది. వెనక ఇరుసు దాటి బరువు వేలాడుతూ, మధ్యలో బ్యాగు పైకి నెడుతుంటే ఛాసిస్ అక్కడే వంగుతుంది. వంగిన ఛాసిస్‌లు చూశాను. ట్రైలర్ ఉన్నవాళ్లకి ఇంకా ముఖ్యం. గుండు మీద 150 కిలోలు, ఇరుసుకి 1.2 మీటర్లు వెనక అంటే వెనక ఇరుసు మీద 208 పడుతుంది, ముందు 58 తేలిపోతుంది. బ్యాగు నింపితే వెనక భాగం లేచి బండి సమంగా కనిపిస్తుంది, బరువు మాత్రం ఎక్కడికీ పోలేదు.

తొట్టిమూత
నేను పదేళ్లుగా వాడుతున్నా, ఏమీ కాలేదు. పరిమితి దాటకపోతే చాలు.

కమాన్‌కట్ట
పరిమితి దాటకపోతే అసలు బ్యాగే అక్కర్లేదు కదా!

కొత్తబండి (ఐదు వారాల తర్వాత)
అయిపోయింది. స్ప్రే లైనర్, అల్యూమినియం క్యానపీ, 120 వాట్ల లైట్ బార్. అంతే. కుటుంబం, సామాను, నిండు ట్యాంకుతో కాటా ఎక్కించా. మొత్తం 2,710. ముందు చక్రాలు మాత్రమే ఎక్కిస్తే 1,200, వెనకవి 1,510. కాటాచూసుకో అన్నకి దండం.

లైట్ బార్ 80 దాటితే ఈల వేసేది. వెనక రెక్కల మధ్య గాలి దూరి కూస్తోంది. కింది అంచుకి రబ్బరు పట్టీ తొడిగితే ఆగింది.

క్యానపీ మాత్రం కారింది. మొదటి వానకే పరుపు తడిసింది. సీల్ మీద సిలికాన్ పూశా, మళ్లీ కారింది. ఇంకొంచెం పూశా. మళ్లీ.

పదమూడో పానా
ఎక్కడ కారుతోందో తెలియకుండా పూస్తే అంతే. లోపల ఒకరిని టార్చితో కూర్చోబెట్టి, బయట పైపుతో కింద నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి నీళ్లు కొట్టు. పై నుంచి మొదలుపెడితే నీళ్లు అన్ని చోట్లకీ జారి ఏదీ తేలదు. సీల్ సరిగ్గా నొక్కుకుంటోందో లేదో చూడాలంటే సుద్దపొడి రాసి మూసి తెరువు, అచ్చు పడని చోట సందు ఉన్నట్టు.

కొత్తబండి
మా బావమరిదిని లోపల పెట్టి తాళం వేశా. పది నిమిషాలకి లోపల నుంచి కేకలు. ఊపిరాడక అనుకున్నా, కాదు, దొరికిందట. పైనున్న బ్రేక్ లైటు గాస్కెట్ మడతపడి ఉంది. నీళ్లు అక్కడ దూరి, కప్పు లోపలి పట్టీ వెంట జారి, రెండడుగుల అవతల సీల్ దగ్గర కారుతున్నాయి. నేను పూసిన సిలికాన్ అంతా దండగ, గోకడానికి ఒక ఆదివారం పట్టింది.

ఇంకొకటి. వంద కిలోమీటర్ల తర్వాత క్లాంపులు చూస్తే ఎనిమిదిలో రెండు వదులయ్యాయి.

పదమూడో పానా
రెండూ క్యాబిన్ వైపువేనా?

కొత్తబండి
అవును! ఎలా తెలిసింది?

పదమూడో పానా
క్యాబిన్, బెడ్ ఒకే ఛాసిస్ మీద ఉన్నా విడివిడి డబ్బాలు. గుంతలో ఒకటి ఇటు, ఒకటి అటు మెలి తిరుగుతాయి. నీ క్యానపీ ముందు అంచు క్యాబిన్‌కి ఎక్కడో ఆనుతోంది, చూడు. అక్కడ వేలు దూరేంత సందు ఉండాలి.

కొత్తబండి
చూశాను. కుడివైపు అసలు సందే లేదు, రంగు కూడా కొంచెం లేచింది. క్లాంపులు వదులు చేసి అర అంగుళం వెనక్కి జరిపి టార్క్ రెంచ్‌తో బిగించా. ఇంకో ఐదు వందల కిలోమీటర్ల తర్వాత మళ్లీ చూస్తా. లేచిన రంగుకి ఏం పూయాలి?

పదమూడో పానా
రేకు బయటపడిందా, ప్రైమర్ కనిపిస్తోందా? ఫొటో పెట్టు.